కెమెరా పట్టీకి వేలాడే ఆ రబ్బరు ముక్క దేనికి?

డీఎస్ఎల్ఆర్ కెమెరా (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగేది) ఉన్నవాళ్లు ఒకసారి మెడ పట్టీని జాగ్రత్తగా చూడండి. కెనాన్ అయితే చాలా మోడళ్లలో పట్టీ మీదే ఒక చిన్న నల్ల రబ్బరు ముక్క ఉంటుంది. నికాన్ అయితే డీకే-5 అనే ప్లాస్టిక్ ముక్కను చాలా మోడళ్లతో పాటు పెట్టెలో పెట్టి ఇచ్చేది. ఏళ్ల తరబడి కెమెరా వాడుతున్నవాళ్లలో కూడా దాన్ని ఒక్కసారీ వాడనివాళ్లు ఎక్కువ. అడిగితే "వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) దుమ్ము పడకుండా పెట్టుకునే మూత అనుకుంటా" అంటారు. దానికీ దుమ్ముకీ సంబంధం లేదు. అది కాపాడేది కెమెరాను కాదు, మీరు తీయబోయే ఫొటోను.

కెమెరాతో వచ్చే, లేదా షాపువాళ్లు అంటగట్టే ఈ చిన్నచిన్న వస్తువులన్నింటినీ మనం "ప్రొటెక్షన్" అనే ఒకే మాట కింద పడేస్తాం. కళ్ల దగ్గరి మూత, లెన్స్ మూత, బాడీ క్యాప్ (లెన్స్ తీసినప్పుడు కెమెరా నోటికి పెట్టే మూత), హుడ్ (లెన్స్ ముందు బిగించే గొట్టంలాంటి తొడుగు), యూవీ ఫిల్టర్, హాట్ షూ కవర్, బ్యాటరీ కవర్ అన్నీ ఒకే గంపలోకి వెళ్లిపోతాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది. వీటిలో కొన్ని వెలుతురును ఆపడానికి, కొన్ని దుమ్మును, కొన్ని దెబ్బను, ఒకటి షార్ట్ సర్క్యూట్‌ను ఆపడానికి పుట్టాయి. ఏది దేన్నుంచి దేన్ని కాపాడుతుందో తెలియకపోతే అవసరమైన చోట తీసేస్తాం, అక్కర్లేని చోట డబ్బు పెట్టి కొంటాం.

ముందు ఆ రబ్బరు ముక్క సంగతి. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ గుండా వచ్చిన వెలుతురు వాలుగా ఉన్న అద్దం మీద పడి పైకి వెళ్తుంది. అక్కడ ఫోకసింగ్ స్క్రీన్ మీద దృశ్యం ఏర్పడుతుంది. దాని పైనున్న పెంటాప్రిజం ఆ దృశ్యాన్ని తిప్పి మన కంటికి చూపిస్తుంది. వెలుతురు ఎంతుందో కొలిచే మీటరింగ్ సెన్సర్ కూడా ఆ పై భాగంలోనే, మనం కన్ను పెట్టే చోటికి దగ్గర్లో ఉంటుంది. అది కూడా మనలాగే ఫోకసింగ్ స్క్రీన్‌నే చూస్తూ లెక్క కడుతుంది.

మామూలుగా ఫొటో తీసేటప్పుడు మన ముఖమే వ్యూఫైండర్ కిటికీని మూసేస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, సెల్ఫ్ టైమర్ నొక్కి, మనం పక్కకు వచ్చేశామనుకోండి. ఇప్పుడు ఆ కిటికీ తెరిచే ఉంది. మన వెనక సూర్యుడో, పెళ్లి మండపం లైటో ఉంటే ఆ వెలుతురు వెనక నుంచి లోపలికి దూరి ఫోకసింగ్ స్క్రీన్ మీద పడుతుంది. లెన్స్ నుంచి వచ్చింది ఏదో, వెనక దారిలో వచ్చింది ఏదో మీటర్‌కు తెలియదు. దృశ్యం ఉన్నదానికంటే ఎక్కువ వెలుతురుగా ఉందనుకుని ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందనిచ్చే వెలుతురు) తగ్గించేస్తుంది. ఫొటో చీకటిగా వస్తుంది. అందుకే కంటి దగ్గరి రబ్బరు రింగు తీసి ఈ ముక్కను అక్కడ తొడగాలి.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. కెమెరాను అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం, మనం ఎంచుకుంటే షట్టర్ స్పీడ్‌ను కెమెరా ఎంచుకునే మోడ్‌లో) పెట్టి, లెన్స్‌ను కాస్త చీకటిగా ఉన్న మూలకు తిప్పి, పైనున్న చిన్న డిస్‌ప్లేలో గాని, వెనక సమాచారం చూపే తెరలో గాని షట్టర్ స్పీడ్ ఎంత చూపిస్తోందో గమనించండి. తర్వాత ఫోన్ టార్చ్‌ను వ్యూఫైండర్ కిటికీలోకి కొట్టండి. లెన్స్ ముందు ఏమీ మారకపోయినా ఆ అంకె మారిపోతుంది.

మాన్యువల్ మోడ్‌లో తీసేవాళ్లకు ఈ బెడద లేదు, ఎందుకంటే ఎక్స్‌పోజర్ నిర్ణయించేది మీటర్ కాదు, వాళ్లే. వెనక తెర మీద చూస్తూ తీసే లైవ్ వ్యూలో కూడా అంతే. అప్పుడు అద్దం పైకి లేచి ఉంటుంది, కొలత అసలు సెన్సరే చేస్తుంది. అయితే ఇంకో సందర్భం ఉంది, అందులో ఏ మోడ్ అయినా ఒకటే. కుంతాల జలపాతం దగ్గరో, తలకోనలోనో నీళ్లు పాలనురుగులా రావాలని పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురును తగ్గించే నల్ల గాజు, ఒక్కో స్టాపుకు సగం చొప్పున) తగిలించామనుకోండి. సెకనులో 30వ వంతు సరిపోయే చోట ఇప్పుడు షట్టర్ దాదాపు 34 సెకన్లు తెరిచి ఉండాలి. లెన్స్ దారిలో వచ్చే వెలుతురును వెయ్యోవంతుకు తగ్గించాం, వెనక దారిలో వచ్చేదాన్ని మాత్రం ఏమీ చేయలేదు. పైకి లేచిన అద్దం ఆ దారిని చాలావరకు మూస్తుంది గాని, పూర్తిగా కాదు. అంచుల సందుల్లోంచి కారిన కొద్దిపాటి వెలుతురు అర నిమిషం పాటు పోగై ఫొటో మీద ఊదారంగు చారలాగో, తెల్లటి మసకలాగో కనిపిస్తుంది. చాలామంది దాన్ని ఫిల్టర్ లోపం అనుకుని ఫిల్టర్ మారుస్తారు. కెమెరాలు తయారుచేసేవాళ్లు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదనడానికి రుజువు నికాన్ డీ800, డీ850 లాంటి పెద్ద మోడళ్లు. వాటిలో ప్రత్యేకంగా ముక్క తొడగనక్కర్లేదు, వ్యూఫైండర్ పక్కన చిన్న మీట తిప్పితే లోపలే రేకు మూసుకుంటుంది. మీ రబ్బరు ముక్క పోయిందా, కొత్తది కొనే పని లేదు. నల్ల గుడ్డ కప్పినా, నల్ల టేపు వేసినా పని జరుగుతుంది.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దం లేదు, ప్రిజం లేదు. వ్యూఫైండర్‌లో కనిపించేది ఒక చిన్న తెర మాత్రమే. వెనక నుంచి వెలుతురు లోపలికి వెళ్లే దారే లేదు కాబట్టి వాటికి ఈ ముక్క అక్కర్లేదు. పైగా పెట్టుకుంటే తలనొప్పి కూడా. కన్ను దగ్గరికొచ్చిందని పసిగట్టే సెన్సర్ ఆ మూతను కన్ను అనుకుని వెనక తెరను ఆపేస్తుంది.

కథ అక్కడితో ముగియలేదు. మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌కు ఎండ రూపంలో వేరే ప్రమాదం వచ్చింది. ఆ చిన్న తెరను పెద్దదిగా చూపించడానికి దాని ముందు శక్తిమంతమైన లెన్స్‌లు ఉంటాయి. కెమెరాను కారు డాష్‌బోర్డు మీదో, బీచ్‌లో బల్ల మీదో వెనక భాగం సూర్యుడి వైపు ఉండేలా వదిలేస్తే, చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టే ఆ లెన్స్‌లు ఎండను లోపలి తెర మీద ఒక చుక్కగా చేర్చి కాల్చేస్తాయి. అలా కాలిన మచ్చలు మళ్లీ పోవు, ప్యానెల్ మార్చాల్సిందే. ఈ హెచ్చరిక కంపెనీల మాన్యువల్స్‌లోనే ఉంటుంది, మనం చదవం. కాబట్టి మిర్రర్‌లెస్ వాళ్లు మూత పెట్టకపోయినా, కెమెరా వీపు ఎండకు తిప్పి వదలకుండా చూసుకోవాలి. భుజానికి వేలాడేటప్పుడు కూడా.

ముందువైపు లెన్స్ మూత విషయంలోనూ ఇదే మార్పు జరిగింది. డీఎస్ఎల్ఆర్‌లో ఫొటో తీయని సమయమంతా అద్దమూ షట్టరూ సెన్సర్‌కు అడ్డంగా ఉంటాయి. మిర్రర్‌లెస్‌లో కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపూ సెన్సర్ బట్టబయలే. లెన్స్ మూత తీసేసి, ముఖం సూర్యుడి వైపు ఉండేలా ట్రైపాడ్ మీద వదిలి టీ తాగడానికి వెళ్తే సెన్సరో, షట్టర్ రేకులో మాడిపోయే అవకాశం ఉంది. మూత అంటే గీతలు పడకుండా అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు దాని మొదటి పని ఎండను ఆపడం.

ఇక బాడీ క్యాప్, లెన్స్ వెనక మూత. వీటిని ఎవరూ పట్టించుకోరు గాని, ఈ మొత్తం సామగ్రిలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువిచ్చేది ఈ రెండు ప్లాస్టిక్ మూతలకే. ఇవి ఆపేది దుమ్మును. సెన్సర్ మీద దుమ్ము అంటాం గాని, నిజానికి అది కూర్చునేది సెన్సర్ ముందున్న పల్చటి గాజు ఫిల్టర్ మీద. అక్కడి నుంచి దాని నీడ సెన్సర్ మీద పడుతుంది. అపర్చర్ బాగా తెరిచి, ఎఫ్2.8లో తీస్తే వెలుతురు అన్ని కోణాల నుంచీ వస్తుంది కాబట్టి ఆ నీడ చెదిరిపోయి కనబడదు. ఎఫ్16కో, ఎఫ్22కో మూస్తే వెలుతురు సన్నటి ధారలా వచ్చి నీడకు స్పష్టమైన అంచు ఇస్తుంది. అందుకే పోర్ట్రెయిట్‌లు తీసేవాళ్లకు ఏళ్లపాటు కనిపించని మచ్చలు, ఒక్కరోజు ల్యాండ్‌స్కేప్ తీసేసరికి ఆకాశమంతా బూడిదరంగు చుక్కలై బయటపడతాయి. మీ కెమెరా సంగతి తెలుసుకోవాలంటే ఎఫ్22లో పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, శుభ్రమైన ఆకాశాన్నో తెల్ల కాగితాన్నో ఒక ఫొటో తీసి చూడండి.

కంపెనీలు ఈ దుమ్ముతో చాలాకాలంగా పోరాడుతున్నాయి. 2003లో ఒలింపస్ ఈ-1 కెమెరాలో సెన్సర్ ముందున్న గాజును అతివేగంగా కంపింపజేసి దుమ్ము దులిపే ఏర్పాటు పెట్టింది. తర్వాత దాదాపు అందరూ అదే దారి పట్టారు. మిర్రర్‌లెస్ వచ్చాక సమస్య మళ్లీ పెరిగింది. పాత కెనాన్ ఈఎఫ్ మౌంట్‌లో (మౌంట్ అంటే కెమెరాకు లెన్స్ తగిలించే రింగు) మౌంట్ అంచు నుంచి సెన్సర్ దాకా 44 మిల్లీమీటర్ల దూరం, మధ్యలో అద్దం. కొత్త ఆర్ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 20 మిల్లీమీటర్లే. నికాన్‌లో 46.5 నుంచి 16కు తగ్గింది. లెన్స్ తీయగానే సెన్సర్ చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. అందుకే 2018లో వచ్చిన కెనాన్ ఈఓఎస్ ఆర్‌లో స్విచ్ ఆపగానే షట్టర్ మూసుకునేలా చేశారు. సోనీ కూడా తర్వాతి మోడళ్లలో ఆ సౌకర్యం ఇచ్చింది. ఆ షట్టర్ రేకులు చాలా పల్చనివి, వేలు తగిలినా దెబ్బతింటాయి. కాబట్టి షట్టర్ మూసుకుంది కదా అని బాడీ క్యాప్ పెట్టకుండా వదలడానికి లేదు.

ఈ మూతల వాడకంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. లెన్స్ తగిలించాక రెండు మూతలనూ ప్యాంటు జేబులో వేసుకుంటారు. జేబులోని నూలు పోగులు, పొడి అంతా మూత లోపలి వైపు చేరుతుంది. సాయంత్రం అదే మూతను తెచ్చి కెమెరా నోటికి పెడతారు. దుమ్మును ఆపాల్సిన మూతే దుమ్మును మోసుకొచ్చి లోపల వదులుతుంది. దీనికి మందు ఆ మూతల్లోనే ఉంది. ఒకే మౌంట్‌కు చెందిన బాడీ క్యాప్, వెనక మూత ఎదురెదురుగా పెట్టి తిప్పితే చాలా కంపెనీలవి ఒకదానికొకటి బిగుసుకుంటాయి. వాడని సమయంలో అలా జతచేసి సంచిలో పెడితే లోపలి వైపులు శుభ్రంగా ఉంటాయి. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా నోరు కిందికి ఉంచడం, గాలి కొట్టడానికి రబ్బరు బ్లోయర్ మాత్రమే వాడడం కూడా ఇందులో భాగమే. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి.

లెన్స్ హుడ్ దగ్గరికొస్తే మళ్లీ వెలుతురు. పక్క నుంచి వచ్చే ఎండ ముందు గాజు మీద పడితే లోపల అటూ ఇటూ తిరిగి ఫొటో మొత్తం పాలిపోయినట్టు చేస్తుంది. హుడ్ దానికి నీడ పడుతుంది. కొన్ని పూల రేకుల్లా ఎందుకుంటాయంటే, లెన్స్ గుండ్రంగా ఉన్నా ఫొటో దీర్ఘచతురస్రం. పైనా కిందా హుడ్ పొడుగ్గా ఉన్నా ఫొటోలో పడదు, మూలల దగ్గర పొడుగుంటే పడుతుంది, అందుకని అక్కడ కోసేస్తారు. రేకుల హుడ్ వంకరగా బిగిస్తే ఫొటో మూలలు నల్లబడేది అందుకే. ఫోకస్ చేస్తుంటే ముందు భాగం తిరిగే పాత కిట్ లెన్స్‌లకు గుండ్రటి హుడ్‌లే ఇస్తారు.

దెబ్బ నుంచి కాపాడడంలో కూడా యూవీ ఫిల్టర్ కంటే హుడ్ నమ్మకమైనదని నా అభిప్రాయం. పెళ్లి మండపంలో జనం తోసుకుంటుంటే కుర్చీ అంచుకు ముందుగా తగిలేది హుడ్. అది వంగుతుంది, ఊడిపోతుంది, గాజు దాకా దెబ్బ వెళ్లదు. ఇంత మేలు చేసే వస్తువును చాలామంది వెనక్కి తిప్పి తగిలించుకుని అలాగే ఫొటోలు తీస్తుంటారు. అలా పెట్టుకోవడం సంచిలో సర్దుకోవడానికే. తిప్పి పెట్టిన హుడ్ వెలుతురునూ ఆపదు, దెబ్బనూ ఆపదు. హుడ్ తీసేయాల్సిన సందర్భం ఒకటుంది, కెమెరాలోని పాప్-అప్ ఫ్లాష్ వాడేటప్పుడు. లేకపోతే ఫొటో అడుగున అర్ధచంద్రంలా హుడ్ నీడ పడుతుంది.

యూవీ ఫిల్టర్ మీద వాదన ఎప్పటికీ తెగదు. ఫిల్మ్ రోజుల్లో దానికి అసలైన పని ఉండేది. ఫిల్మ్‌కు అతినీలలోహిత కిరణాలు తగులుతాయి కాబట్టి, ఎత్తైన కొండల్లో తీసిన ఫొటోలు నీలంగా, మసకగా వచ్చేవి. డిజిటల్ సెన్సర్ ముందు ఆ కిరణాలను ఆపే ఫిల్టర్ ముందే ఉంది. కాబట్టి ఇవాళ మనం కొనే యూవీ ఫిల్టర్ ఆ పని కోసం కాదు, లెన్స్ ముందు ఒక అదనపు గాజు కోసం. కొన్ని కంపెనీలు యూవీ అనే మాట మానేసి "ప్రొటెక్టర్" అనే అమ్ముతున్నాయి, అది నిజాయితీ.

ఆ అదనపు గాజుకు ఒక ఖరీదు ఉంది. కోటింగ్ లేని గాజు ఉపరితలం మీద పడిన వెలుతురులో దాదాపు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. ఫిల్టర్‌కు ముందూ వెనకా రెండు ఉపరితలాలు, అంటే 8 శాతం. మంచి మల్టీ కోటింగ్ ఉంటే ఇది చాలా తగ్గుతుంది, చవక ఫిల్టర్‌లో తగ్గదు. పగలు ఇది పెద్దగా కనిపించదు. రాత్రి దీపావళి దీపాలో, వీధి లైట్లో, స్టేజి మీద లైట్లో తీసినప్పుడు బయటపడుతుంది. లెన్స్ లోపలి నుంచీ, సెన్సర్ నుంచీ తిరిగొచ్చిన వెలుతురు ఫిల్టర్ చదును గాజుకు తగిలి మళ్లీ లోపలికి వెళ్లి, ఫొటోలో ఎదుటి మూలన తలకిందులుగా దెయ్యపు దీపాలను వెలిగిస్తుంది. అలాంటి ఫొటోలు వస్తుంటే చేయాల్సిన మొదటి పని ఫిల్టర్ విప్పి మళ్లీ తీసి చూడడం.

మరి వాడాలా వద్దా? సముద్రపు తుంపర్లు, ఇసుక గాలి, హోలీ రంగులు, పసుపు చల్లే హల్దీ వేడుక, మొహం మీదికి వచ్చిపడే తలంబ్రాలు, హోమం పొగ జిడ్డు ఉన్న చోట కచ్చితంగా వాడాలి. అక్కడ రోజుకు పదిసార్లు గాజు తుడవాలి, ఆ తుడుపు లెన్స్ కోటింగ్ మీద కంటే ఫిల్టర్ మీద పడటమే మంచిది. కొన్ని లెన్స్‌లకైతే ముందు ఫిల్టర్ బిగిస్తేనే నీటి తుంపర్ల నుంచి రక్షణ పూర్తవుతుంది. కెనాన్ ఈఎఫ్ 17-40 ఎఫ్4 ఎల్ అలాంటిది. కింద పడినప్పుడు కాపాడుతుందన్న మాటను మాత్రం నేను అంతగా నమ్మను. ఫిల్టర్ గాజు పల్చనిది, లెన్స్ తట్టుకునే దెబ్బకు కూడా అది పగులుతుంది. పగిలిన ముక్కలు వెనకున్న అసలు గాజును గీస్తాయి, నొక్కుకుపోయిన రింగు విప్పడానికి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. ఇంకో సంగతి, ముందు గాజు మీద ఒకటి రెండు సన్నటి గీతలు పడితే ఫొటోలో దాదాపు ఏమీ తెలియదు. ఎదురు ఎండలో తీస్తే కాస్త మసక రావచ్చు, అంతే. వెనక గాజు మీద గీత పడితేనే ఎక్కువ నష్టం. అందరూ వందలు, వేలు పెట్టి ముందు గాజును కాపాడుకుంటారు, వెనక మూతను మాత్రం ఎక్కడో పారేసుకుంటారు.

హాట్ షూ కవర్ గురించి క్లుప్తంగా. కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే చోట ఉండే లోహపు చుక్కలకు చెమట, ఉప్పుగాలి తగిలి తుప్పులాంటి పొర కడితే ఫ్లాష్ ఒకసారి వెలిగి ఒకసారి వెలగదు. విశాఖలోనో కాకినాడలోనో తీరం దగ్గర తీసేవాళ్లకు ఇది అవసరం. మిగతావాళ్లకు పాత తరహా షూ అయితే ఉంటే మంచిది, లేకపోయినా కొంపలు మునగవు. కొత్త కెమెరాల సంగతి వేరు. 2021లో కెనాన్ ఈఓఎస్ ఆర్3తో వచ్చిన కొత్త షూలో 21 పిన్‌లు ఉన్నాయి, అవి ఫ్లాష్‌తో పాటు మైక్ లాంటి వాటికి డేటా కూడా మోస్తాయి. అంత సన్నటి పిన్‌లలో తేమ చేరనివ్వకూడదు, వాటికి కవర్ ఉండాల్సిందే. ఆన్‌లైన్‌లో దొరికే లావుపాటి లోహపు కవర్లతో ఒక చిక్కు ఉంది. కొన్ని కెమెరాల్లో షూ లోపల ఫ్లాష్ పెట్టారా లేదా అని చూసే చిన్న స్విచ్ ఉంటుంది. కవర్ దాన్ని నొక్కేస్తే, కెమెరా బయటి ఫ్లాష్ ఉందనుకుని తన పాప్-అప్ ఫ్లాష్‌ను లేవనివ్వదు.

కెమెరా పక్కన కేబుళ్ల రంధ్రాల మీదుండే రబ్బరు తలుపులు కూడా మూతల కిందికే వస్తాయి. వెదర్ సీలింగ్ (నీళ్లు, దుమ్ము లోపలికి చేరకుండా చేసిన ఏర్పాటు) ఉందని గొప్పగా రాసిన కెమెరా అయినా, హెచ్‌డీఎంఐ కేబుల్ కోసం ఆ తలుపు తెరిచిన క్షణం నుంచి ఆ పక్క సీలింగ్ లేనట్టే. వానలో వీడియో తీసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది. సాగిపోయి సరిగా మూసుకోని తలుపులను మార్పించుకోవడం నయం.

ఈ మూతలన్నీ కలిసినా ఆపలేనిది తేమ. ఏసీ గదిలోంచి ఉక్కగా ఉన్న బయటికి రాగానే చల్లబడిన గాజు మీద ఆవిరి పడుతుంది. మూత పెట్టి ఉన్నా, తీయగానే పడుతుంది. బయటికి వచ్చేముందే కెమెరాను జిప్ కవర్‌లో మూసి పెట్టి, వేడెక్కేదాకా ఆగి తీయాలి. ఫంగస్ కూడా అంతే. తోలు సంచిలో, మూతలు బిగించి, అటక మీద నెలల తరబడి పెట్టిన లెన్స్‌లోనే అది బాగా పెరుగుతుంది. దానికి కావాల్సింది తేమ, చీకటి, కదలని గాలి. కోస్తా జిల్లాల్లో ఉండేవాళ్లు మూతల కంటే ముందు సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బా గురించి ఆలోచించాలి. వీలైతే తేమను 40-50 శాతం దగ్గర నిలిపే డ్రై క్యాబినెట్ మేలు.

చివరగా బ్యాటరీకి వచ్చే ప్లాస్టిక్ తొడుగు. ఛార్జ్ అయిన లిథియం అయాన్ బ్యాటరీ జేబులో తాళంచెవులతోనో చిల్లరతోనో కలిసి ఉంటే, లోహం రెండు కొసలనూ కలిపి షార్ట్ చేయొచ్చు. వేడెక్కుతుంది, నిప్పు కూడా రావచ్చు. అందుకే విమానాల్లో విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు. చేతిసంచిలో, కొసలు మూసి తీసుకెళ్లాలి. కెమెరా బ్యాటరీలు సామర్థ్యంలో చిన్నవే, కెనాన్ ఎల్‌పీ-ఈ6ఎన్ 14 వాట్-అవర్లు మాత్రమే, పరిమితి 100. కాబట్టి తీసుకెళ్లడానికి ఇబ్బంది లేదు, మూసి ఉండటమే ముఖ్యం. ఆ కెనాన్ తొడుగుకు బ్యాటరీ ఆకారంలో చిన్న రంధ్రం కూడా ఉంటుంది. ఒకవైపు తిప్పి తొడిగితే ఆ రంధ్రంలోంచి రంగు కనిపిస్తుంది, రెండోవైపు తిప్పితే కనిపించదు. ఛార్జ్ చేసినవి ఒకలా, అయిపోయినవి ఇంకోలా తొడిగి పెట్టుకుంటే పెళ్లి మధ్యలో ఏ బ్యాటరీ తీయాలో వెతుక్కోనక్కర్లేదు. తొడుగు పోయినవాళ్లు రెండు కొసల మీదా ఇన్సులేషన్ టేపు అంటించుకోవచ్చు.